ఆంగ్లదేశపు కేలీ నృత్యము

ఆంగ్లేయుడనగానే మనవారి మనస్సులలో మెదలెడి మూర్తి, కచేరీలో మేజా వెనుక కూర్చుండి, పెదవులు బిగించి, కొలిచినట్లు నాలుగు మాటలాడి లేచిపోవు దొరగారిది. అట్టి జాతివారు ముక్కుమొగ మెఱుగని పరాయివారి చేతులు పట్టుకొని, చెమటలు క్రమ్ముచుండగా, నవ్వులతోను కేకలతోను గంటలకొలది గంతులిడుదురని చెప్పినచో ఎవరికైనను నమ్ముట కష్టముగానే యుండును. కాని నేటికిని ఇంగ్లండులో ఏ శనివారపు సాయంకాలమో ఒక గ్రామపు సభాభవనమునకు గాని, పాఠశాల భోజనశాలకు గాని, పెండ్లివిందు జరుగు డేరాకు గాని పోయినచో ఈ దృశ్యము కానవచ్చును. దానిని కేలీ యందురు. ఆ పేరు స్కాట్లండు, ఐర్లండు దేశముల గేలిక్ భాష నుండి యెరువు తెచ్చుకొన్నది. నృత్యములలో పెక్కు మాత్రము ఆంగ్లేయులవే. బార్న్ డాన్స్ అని పిలుచువారును గలరు.

భవనమున ఒక కొసను వాద్యగాండ్రుందురు. ఫిడేలు, తిత్తులతో పనిచేసెడి మెలోడియన్ లేక కాన్సర్టీనా, తోడుగా గిటారో డప్పో ఉండును. వారి ప్రక్కన నిలుచుండు వ్యక్తిని కాలర్ అందురు. అతడు గాయకుడు కాడు, వాద్యగాడు కాడు. ఆ రాత్రికి సూత్రధారుడు. జనులను జంటలు జంటలుగా నిలువబెట్టి, వాద్యము లేకుండగనే ఒకమారు నడిపించి చూపి, పిమ్మట వాద్యము ప్రారంభము కాగానే ప్రతి కదలికను ఒక క్షణము ముందుగా కేకవేసి చెప్పుచుండును. కావున వచ్చినవారిలో ఎవ్వరును ముందుగా ఏమియు నేర్చియుండ నక్కఱలేదు. ఇది ఈ నృత్యమునకు గల మొదటి గుణము; నా దృష్టిలో అన్నిటికంటె గొప్ప గుణము.

సంగీతపు కట్టడి తెలిసినచో నృత్యపు కట్టడియు తెలియును. ప్రతి వరుసయు రెండు భాగములు. ఒక్కొక్క భాగము 8 తాళావృత్తములు. ఒక్కొక్కదానిని రెండుమారులు వాయింతురు గనుక మొత్తము 32 ఆవృత్తములు. ఆవృత్తమునకు రెండడుగుల చొప్పున 64 అడుగులలో నృత్యమొక చుట్టు ముగియవలయును, ముగిసి మరల మొదటికి రావలయును. జిగ్ అనునది తిశ్రగతిలో దూకును. రీల్, పోల్కా, హార్న్‌పైప్ అనునవి చతురశ్రమున నడచును. రీల్‌ను వడిగా నడచి సరిపుచ్చుకొనవచ్చును గాని, హార్న్‌పైప్‌కు అడుగువేసి, ఆ కాలిపైననే చిన్న గంతువేసి, పిమ్మట రెండవ కాలు మోపవలయును. ఈ అడుగుగంతుల జంటయే ఆంగ్ల కేలీకి ప్రాణము. దీనివలననే వారి వాద్యము స్కాట్లండువారి వాద్యముకంటె కొంత నెమ్మదిగా, నేలను గట్టిగా తన్ని పైకి లేచుచున్నట్లు వినబడును.

కదలికల సంఖ్య పెద్దదేమియు కాదు. చేతులు కలిపి వలయముగా తిరుగుట, నలుగురు కుడిచేతులు నడుమ చేర్చి చక్రమువలె తిరుగుట, ఎదుటివారి వీపు చుట్టు మొగము త్రిప్పకుండ తిరిగివచ్చుట, వరుస వెలుపలిగా క్రిందికి సాగిపోవుట, జంట చేతుల క్రిందుగా మిగిలినవారు దూరిపోవుట మొదలగునవి పదిపండ్రెండు మాత్రమే. మన కోలాటములో కొన్ని కోపులే వేర్వేరు క్రమములలో కూడి వేర్వేరు ఆటలైనట్లు, ఇచ్చటను ఈ కొలదిపాటి కదలికల కూర్పు భేదము చేతనే వందలకొలది నృత్యములు పుట్టినవి. వీనిలో స్వింగ్ అనునది క్రొత్తవారికి కొంచెము కష్టము. ఇరువురు ఒకరినొకరు పట్టుకొని, కుడిపాదములు దగ్గఱగా చేర్చి, ఎడమపాదముతో నేలను నెట్టుచు గిఱ్ఱున తిరుగుదురు. తల తిరుగకుండవలెనన్నచో ఎదుటివారి కన్నులలోనికి చూచుచుండవలయును. ఆంగ్లేయుల బిడియమునకు ఇంతకంటె కఠినమైన శిక్ష వేఱొకటి లేదు. కంబర్లండ్ స్క్వేర్ ఎయిట్ అను నృత్యమున నలుగురు చేతులు వెనుకగా పెనవేసి బుట్టగా ఏర్పడి తిరుగుదురు. వేగము మించినచో అందలి స్త్రీల పాదములు నేలను విడుచును.

ఇదియంతయు చూచినవారు ఇది అనాదిగా పల్లెకాపుల నడుమ పుట్టి పెరిగిన ఆచారమని తలంతురు. ఆంగ్లేయులలోనే పెక్కుమంది అట్లు తలంతురు, వారి పండితులును కొంతకాలము అట్లే తలంచిరి. చరిత్ర చూచినచో విషయము వేఱుగా కనబడును. ఇది రాజసభకును పల్లెకును నడుమ, అచ్చుపుస్తకమునకును కాలి అడుగునకును నడుమ, నాలుగు శతాబ్దులుగా రాకపోకలు సాగించిన విద్య. దీనిని కాపాడవచ్చినవారు సైతము కొంత పాఱవైచిరి. వారు పాఱవైచినదే పిమ్మటివారికి పెన్నిధియైనది.

1602లో వృద్ధురాలైన ఎలిజబెతు రాణి తన అంతర్మందిరమున పల్లెనృత్యములు చేయించి చూచి మిగుల సంతసించుచున్నదని కొలువులోని ప్రభువొకడు మిత్రునకు లేఖ వ్రాసెను. పల్లె నుండి కోటకు ఈ విద్య వచ్చినట్లు మనకు దొఱకు తొలి సాక్ష్యములలో ఇది యొకటి. తరువాత అర్ధశతాబ్ది గడవకుండగనే దేశమున అంతర్యుద్ధము చెలరేగెను. 1642లో నాటకశాలలు మూతపడెను. 1649లో మొదటి చార్లెసు రాజు శిరస్సు తెగెను. వినోదమన్న మొగము చిట్లించు ప్యూరిటనుల యేలుబడి ప్రారంభమైన ఆ దినములలోనే, 1651లో, లండను టెంపుల్ చర్చి వాకిలి చెంత అంగడి పెట్టుకొన్న జాన్ ప్లేఫర్డ్ అను పుస్తకవిక్రేత ‘ది ఇంగ్లీష్ డాన్సింగ్ మాస్టర్’ అను చిన్న పొత్తమును అచ్చొత్తించెను. అందు 105 నృత్యములున్నవి. ఒక్కొక్కదానికి ఫిడేలుపై వాయించుకొనుటకు తగిన స్వరము, దాని క్రింద నడక తీరు. ప్యూరిటనుల కాలమున నృత్యగ్రంథమా యని మనము వింతపడుదుము గాని, వారు నిషేధించినది నాటకమును; ఇండ్లలో జరుగు నృత్యమును గాదు. 1657లో వారి పాలకుడు క్రాంవెల్ తన కుమార్తె వివాహమునకు 48 వయొలిన్లు పెట్టించి తెల్లవాఱువఱకు స్త్రీపురుషులు కలిసి నృత్యము చేయుట కనుమతించెను. పరుల వినోదమును శంకించు పాలకులు తమ యింటి పెండ్లిలో మెత్తబడుట ఏ దేశమునకును క్రొత్త కాదు.

రాజరికము తిరిగి వచ్చిన పిమ్మట, 1662 డిసెంబరు 31వ తేదీ రాత్రి వైట్‌హాల్ కోటలో జరిగిన నృత్యసభను శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో వర్ణించెను. ఫ్రెంచి నృత్యములు ముగిసిన తరువాత రెండవ చార్లెసు పల్లెనృత్యములు కావలెనని, మొదటగా భార్యలచే వంచితులైన మగల పేరిట గల యొక మోటు నృత్యమును కోరి, అదియే ఆంగ్లదేశపు పాతనృత్యమని పలికెనట. ఆయన సభలో కూర్చున్న మగలలో పలువురకు ఆ పేరు గుండెలో గుచ్చుకొనియుండును.

ప్లేఫర్డ్ గ్రంథము అతని తరువాత కుమారుని చేతిలోను, ఆపై మఱియొకని చేతిలోను పెరుగుచు సుమారు 1728 వఱకు 18 కూర్పులు పొందెను. తొలి కూర్పున వలయ నృత్యములు, చతురస్ర నృత్యములు, ఎదురెదురు వరుసల నృత్యములు కలగలసి యుండగా, తుదికూర్పుల నాటికి వరుస నృత్యములే దాదాపు అంతయు నాక్రమించినవి. పొడవైన గదిలో పురుషులొక వరుస, స్త్రీలొక వరుస నిలుతురు. మొదటి జంట నృత్యము చేయుచు ఒక్కొక్క మెట్టు క్రిందికి దిగును, రెండవ జంట పైకి వచ్చును. ఎంతమంది చేరినను వరుస సాగును గాని తెగదు. ఇందలి ఇంపు ఫ్రాన్సువారిని సైతము ఆకర్షించెను. పదునాలుగవ లూయీ సభకు ఇవి చేరెను. 1706లో ఫెయ్యె అను నాట్యాచార్యుడు పారిసులో వీనిని గ్రంథముగా ప్రకటించెను. కోంత్రదాన్స్ అను పేరుతో ఐరోపా యంతట వ్యాపించెను. బీథోవెన్ ఇట్టి నృత్యముల కొఱకు కూర్చిన యొక వరుసయే అతని మూడవ సింఫనీ చివరి భాగమునకు మూలవస్తువైనది.

పదునెనిమిదవ శతాబ్దిలో ఈ నృత్యమునకు రాజధాని బాత్ నగరము. అచ్చట ఉత్సవాధికారిగా 1761లో మరణించువఱకు రిచర్డ్ నాష్ చక్రవర్తివలె పాలించెను. సాయంకాలము ఆఱు గంటలకు సభ ప్రారంభము. మొదటి రెండు గంటలు మినుయెట్ జరుగును. అనగా ఒక్కొక్క జంట మాత్రమే, వంశగౌరవము ననుసరించి, మిగిలిన సభ యంతయు చూచుచుండగా నృత్యము చేయవలయును. ఎనిమిది కొట్టిన తరువాత కంట్రీ డాన్స్, అనగా ఆ పల్లెనృత్యము. అప్పుడు సభయంతయు లేచును. పదునొకండు కాగానే వాద్యము నిలిచిపోవును. రాజకుమారి అమీలియా ఇంకొక్క నృత్యమునకు సెలవడిగినను నాష్ అంగీకరింపలేదని చెప్పుదురు. పెద్దింటివారు వరుస తలను నిలుచుట తప్పకున్నను, వరుస కదలినకొలది ప్రతి జంటయు ప్రతి జంటతోడను చేయి కలుపక తప్పదు. మినుయెట్ కూర్చుండబెట్టినవారిని కంట్రీ డాన్స్ లేవదీసినది.

ఆ వరుసలు ఓడలెక్కి మన తీరమునకును వచ్చినవి. మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ 1802లో విందుశాలను కట్టించి నృత్యసభతోనే దానిని తెఱచెను. కోటలో కంపెనీ బ్యాండు వాయించు జిగ్‌లు, రీల్‌లు సమీపమునందలి మణలి గ్రామమున నివసించిన యువకుడు ముత్తుస్వామి దీక్షితుల చెవిని బడెను. ఆయన వానికి సంస్కృత సాహిత్యము కూర్చి నోట్టుస్వరములు రచించెను. ‘వందే మీనాక్షి’ యని మన పిల్లలు పాడు కృతి, రేక్స్ ఆఫ్ మాలో అను ఐరిష్ నృత్యపు వరుస. ఆ వరుస నేటికిని కేలీలలో మ్రోగుచునే యున్నది. సుబ్బరామ దీక్షితులు 1905లో ప్రకటించిన ప్రథమాభ్యాస పుస్తకమున ఇట్టి స్వరములు తెలుగు లిపిలో అచ్చుపడినవి. కావున కేలీ సంగీతము మనకు బొత్తిగా పరాయిది గాదు. శంకరాభరణపు స్వరములతో, తిశ్ర చతురశ్ర గతులతో, దేవతల పేరిట మన యిండ్లలో కాపురమున్నది.

పట్టణములలో దీని వైభవము అంతరించుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1815లో క్వాడ్రిల్, ఇంచుమించు అదే కాలమున వాల్ట్స్, 1844లో పోల్కా వచ్చినవి. వాల్ట్స్‌లో ఒక పురుషుడొక స్త్రీని కౌగిట పట్టుకొని సభనంతను మఱచి తిరుగుట చూచి 1816లో టైమ్స్ పత్రిక కన్నెఱ్ఱ చేసెను గాని, యువజనులు పత్రికల మాట వినుట ఎన్నడు గలదు? వరుస నృత్యము నాగరకుల సభలలో రాత్రి ముగింపున ఆడు సర్ రోజర్ డి కవర్లీ మొదలగు రెండుమూడింటికి తగ్గిపోయెను. డికెన్స్ 1843 నాటి తన క్రిస్మస్ కథలో వర్తకుడు ఫెజివిగ్ గిడ్డంగిలోని విందున చేయించినది ఆ నృత్యమునే.

పల్లెలలో మాత్రము అది నిలిచెను. నిలుచుటయే గాక క్వాడ్రిల్‌ను, పోల్కాను గూడ తనలో కలుపుకొనెను. నార్తాంప్టన్‌షైర్ వ్యవసాయ కూలీయైన కవి జాన్ క్లేర్ ఫిడేలు వాయించుచు, నృత్యపు వరుసలను వందలకొలది తన వ్రాతపుస్తకములలో ఎక్కించుకొనెను. నవలాకారుడు టామస్ హార్డీ తాతయు తండ్రియు డార్సెట్ పల్లెలో ఆదివారము ఉదయము చర్చిలోను, మిగిలిన రాత్రులు పెండ్లిండ్లలోను ఒకే ఫిడేళ్లతో వాయించిరి. వారి వ్రాతపుస్తకములు నేటికిని నిలిచియున్నవి. పందొమ్మిదవ శతాబ్ది నడుమ చర్చి పెద్దలు ఈ మోటు వాద్యబృందములను తొలగించి ఆర్గన్‌ను, హార్మోనియమును ప్రవేశపెట్టుటతో పల్లె ఫిడేలుగానికి ఆదివారపు గౌరవము పోయెను, వాని విద్యకు వారసులును తగ్గిరి. హార్డీ 1872లో వ్రాసిన ‘అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ’ నవల ఈ యుదంతముపై నడచును. మన పద్యనాటకమునకు ప్రాణమైన హార్మోనియము అచ్చట ఒక విద్యను వీధిపాలు చేయుటలో చేయికలిపినదని తెలిసినప్పుడు, వాద్యములకును జాతకములు గలవనిపించును.

1899 డిసెంబరు 26న ఆక్స్‌ఫర్డ్ సమీపమునందలి హెడింగ్టన్‌లో అత్తవారింట నున్న సంగీతోపాధ్యాయుడు సెసిల్ షార్ప్ కిటికీ నుండి యొక వింత చూచెను. తెల్లని బట్టలు కట్టి, కాళ్లకు గజ్జెలు గట్టి కొందఱు మగవారు మంచులో మోరిస్ నృత్యము చేయుచుండిరి. అది వారి ఋతువు కాదు. చలిచే పనులు నిలిచి కూలి దొఱకక నాలుగు నాణెములకై వచ్చిరి. కాన్సర్టీనా వాయించుచున్న విలియం కింబర్ అను తాపీపనివానిని షార్ప్ మఱునాడు పిలిపించి వరుసలు వ్రాసికొనెను. ఆ తరువాత అతడు పల్లెపల్లె తిరిగి, 1909లో పల్లెవాసుల యొద్ద సేకరించిన నృత్యములను మొదటి సంపుటముగా వెలువరించెను. రెండవ సంపుటము నుండి చూపు ప్లేఫర్డ్ వైపు మఱలెను. 1911లో ఇంగ్లీష్ ఫోక్ డాన్స్ సొసైటీని స్థాపించెను.

షార్ప్ ఋణము ఆంగ్లేయులు తీర్చుకొనజాలరు. కాని అతడు సేకరించుటయే గాక వడపోసెను. పోల్కా, క్వాడ్రిల్, మెలోడియన్ అనునవి అతనికి కల్తీలు. శుద్ధమైనది ప్లేఫర్డ్ గ్రంథమున గలదని అతని నమ్మకము. ఆ గ్రంథము నాగరకుల కొఱకు, నగరమున అచ్చయినదను మాట అతని ఉత్సాహమునకు అడ్డు రాలేదు. కుట్టుపనిచేయు పేదబాలికలకు నృత్యము నేర్పుచుండిన మేరీ నీల్ అను విదుషి, తప్పో ఒప్పో ఆనందముగా ఆడుటయే ముఖ్యమని వాదింపగా, అడుగు సరిగా పడనిచో నృత్యమే కాదని షార్ప్ వాదించెను. గెలుపు షార్ప్‌దే యయ్యెను. అతని పాఠశాలలలో ధ్రువపత్రములు, పరీక్షలు వచ్చినవి. అతని ప్రదర్శన బృందమునందలి నలుగురు యువకులు, స్వరకర్త జార్జ్ బటర్‌వర్త్‌తో గూడ, 1916లో మొదటి ప్రపంచయుద్ధమున మడిసిరి. షార్ప్ 1924లో మరణించెను. 1930లో లండనులో అతని పేరిట వెలసిన భవనము నేటికిని ఈ విద్యకు కేంద్రము.

తరువాత సంఘమును నడపిన డగ్లస్ కెన్నెడీ పరీక్షల బిగువు సడలించి, వేదికపై కాలర్‌ను, ప్రక్కన సజీవ వాద్యమును నిలిపి, సామాన్యజనమును మరల పిలిచెను. 1951లో రాకుమారి ఎలిజబెతు కెనడాలోని ఒట్టావాలో గళ్లచొక్కాతో స్క్వేర్ డాన్స్ చేసిన ఛాయాచిత్రములు వెలువడగానే ఆ అమెరికా నృత్యము ఇంగ్లండును ముంచెత్తెను. అదియు పూర్వము ఆంగ్లదేశము నుండి వలసపోయినవారి సొత్తేగాన, మనుమరాలు అమ్మమ్మ యింటికి వచ్చినట్లయినది.

1970 ప్రాంతమున మఱియొక తరము లేచెను. నార్‌ఫోక్ మండలమునందలి షిప్డం గ్రామపు వృద్ధ ఫిడేలుగాడు వాల్టర్ బుల్వర్, డల్సిమర్ వాయించు బిల్లీ కూపర్ మొదలగువారిని కొందఱు యువకులు ముందే ధ్వనిముద్రణ చేసియుండిరి. ఆ వాద్యమున వేగము లేదు, నాగరకత లేదు. పోల్కాలు, హార్న్‌పైప్‌లు, మద్యశాలల గాలి మెండుగా గలవు. షార్ప్ వడపోతలో జాఱిపోయిన ఆ మడ్డియందే యువకులకు సారము దొఱకెను. 1974లో గ్లాస్టర్‌షైర్‌లో ఏర్పడిన ఓల్డ్ స్వాన్ బ్యాండ్ 1977లో తమ గ్రామఫోను రికార్డునకు ‘నో రీల్స్’ అని పేరిడి, స్కాట్లండు ఐర్లండుల వడి మాకు వలదని చాటెను. ఆంగ్ల కేలీ యని నేడు పిలువబడు శైలి, అనగా నెమ్మదియైన తాళము, బలమైన అడుగుగంతు, మెలోడియన్ మ్రోత, ఆ దశాబ్దిలో రూపు గట్టినది. 1955 నుండి డెవన్ తీరమున సిడ్మత్‌లో జరుగు ఉత్సవము దానికి పెద్ద రంగస్థలమైనది. అటుపిమ్మట విద్యుద్గిటార్లు, ఇత్తడి బాకాలు చేరినవి; ఎడ్వర్డ్ ది సెకండ్ అండ్ ది రెడ్ హాట్ పోల్కాస్ అను బృందము జమైకావారి రెగ్గే తాళమునే పోల్కాకు జతచేసెను. ఇటీవల కొందఱు కాలర్లు పురుషుడు, స్త్రీ యను మాటలు విడిచి ఎవరికి ఎవరు జంటయైనను చెల్లునట్లు చెప్పుచున్నారు. శుద్ధివాదులకు ఇవి రుచింపకపోవచ్చును. పోల్కాను గూడ ఒకనాడు కల్తీయే యన్నారు గనుక నేను వారి పక్షము వహింపను.

ఇంగ్లండున నివసించు తెలుగు కుటుంబములకు సహోద్యోగుల పెండ్లికో, పిల్లల పాఠశాల నిధికో కేలీ పిలుపు రావచ్చును. వెళ్లుడు, గోడప్రక్క కుర్చీ వెదకికొనకుడు. మడమ యెత్తులేని చెప్పులు తొడుగుకొనుడు. చీర కట్టినవారు కుచ్చెళ్లు కొంచెము పైకి దోపుకొనుట మేలు. వరుసలో మొదటి జంటగా మాత్రము నిలువకుడు. మూడవ జంటగానో నాలుగవ జంటగానో నిలిచినచో, మీవంతు వచ్చులోపల మీ ముందరివారు రెండుమూడుమారులు చేసి చూపుదురు. తప్పినచో నవ్వి, ఎవరు చేయిచాచిన ఆ చేయి పట్టుకొనుడు. 32 ఆవృత్తములు గడచునప్పటికి అందఱును మరల మొదటి చోటికే వత్తురు.